కాగితం లేని పత్రికలు

కిన్వట్ పట్టణం పైనగంగ నది ఒడ్డున ఉంది. ముద్‌ఖేడ్ నుంచి ఆదిలాబాదుకు పోయే రైలుమార్గం ఈ ఊరి మీదుగానే పోతుంది. ఇప్పుడు నాందేడ్ జిల్లాలో ఉన్న ఈ తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో ఉండేది. ఆ సంవత్సరం రాష్ట్రాల పునర్విభజన జరిగినప్పుడు కిన్వట్, రాజురా తాలూకాలు బొంబాయి రాష్ట్రంలో చేరాయి. 1960లో మహారాష్ట్ర ఏర్పడింది. సరిహద్దు జరిగింది కాని ఇళ్ళలో మాట జరగలేదు. బజారులో మరాఠీ, ఇంట్లో తెలుగు, వారపు సంతలో వాటికి తోడు గోండీ, బంజారా మాటలు ఈనాటికీ వినిపిస్తూనే ఉంటాయి.

మాట నిలిచింది సరే, చదువుకోవడానికి పుస్తకం మాటేమిటి? కిన్వట్ వంటి ఊళ్ళో మరాఠీ దినపత్రిక దొరికినంత సులభంగా తెలుగు మాసపత్రిక దొరకదు. తెలుగు మాధ్యమంలో చదివే పిల్లవాడికి పాఠ్యపుస్తకం ఒక్కటే తెలుగు పుస్తకం అయ్యే ప్రమాదం ఉంది. పాఠ్యపుస్తకం ఎంత మంచిదైనా ఏడాదికి ఒక్కటే. అందులో ఇరవై పాఠాలుంటే, ఇరవై పాఠాల భాషే వాడికి తెలిసిన తెలుగు అవుతుంది. పక్కింటి మరాఠీ పిల్లలకు 'కిశోర్' ఉంది. బాలభారతి సంస్థ 1971 నుంచి ప్రచురిస్తున్న బాలల మాసపత్రిక అది. దాని పాత సంచికలు కూడా ఇప్పుడు అంతర్జాలంలో చదువుకోవచ్చు. తెలుగు పిల్లలకు ఒకప్పుడు 'చందమామ' ఉండేది. 1947 జులైలో మద్రాసులో తెలుగు, తమిళ భాషల్లో మొదలై, 1952లో 'చాందోబా' పేరుతో మరాఠీలోకి కూడా వచ్చిన ఆ పత్రికను మీ ఇంటి పెద్దలు ఏదో ఒక భాషలో చదివే ఉంటారు. 2013 నాటికి అదీ ఆగిపోయింది.

సాహిత్య పత్రిక నడపడం ఎప్పుడూ కష్టమైన పనే. కాగితం కొనాలి, అచ్చు కూర్చాలి, బొమ్మలు వేయించాలి, పోస్టు ఖర్చులు పెట్టుకోవాలి. ఇంతా చేసి చందాదారులు చందా పంపిస్తారో లేదో తెలియదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1924లో ప్రారంభించిన 'భారతి' అరవై ఏడేళ్ళు నడిచి 1991లో ఆగింది. ఒక సాహిత్య మాసపత్రిక అన్నేళ్ళు నడవడం గొప్ప విషయం. పెద్ద దినపత్రిక అండ దానికి ఉన్నది కనుకనే అది సాధ్యమైంది. అండలేని చిన్న పత్రికలు ఏడాదికో రెండేళ్ళకో మూతపడేవి. నిజాం పాలనలో తెలుగు పత్రిక పెట్టడం ఇంకా కష్టం. 1926లో సురవరం ప్రతాపరెడ్డి 'గోలకొండ పత్రిక' స్థాపించారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో రాసినప్పుడు ఆయన వాదన పెట్టుకోలేదు. ఊరూరి నుంచి పద్యాలు తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో 'గోలకొండ కవుల సంచిక' అచ్చు వేశారు. కవులు ముందునుంచీ ఉన్నారు. వారిని ఒకచోట చేర్చే పత్రిక మాత్రమే లేదు. ఈ సంగతి గుర్తుంచుకుంటే తరువాతి కథ తేలికగా అర్థమవుతుంది.

తెలుగునాటికి వేల మైళ్ళ దూరంలో స్థిరపడినవారికీ ఇదే ఇబ్బంది ఎదురైంది. 1970లో అమెరికాలోని అట్లాంటా నగరం నుంచి పెమ్మరాజు వేణుగోపాలరావు 'తెలుగు భాషా పత్రిక' వెలువరించారు. ఆ దేశంలో తెలుగు అచ్చు అక్షరాలు దొరికే కాలం కాదది. తరువాత ఇరవై ఏళ్ళకు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మామూలైంది. అయితే వాటికి తెలుగు రాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే వచ్చు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు దీనికొక ఉపాయం కనిపెట్టారు. తెలుగును ఇంగ్లీషు లిపిలోనే, కాని గందరగోళం లేకుండా రాసే పద్ధతి అది. దాన్ని ఆర్.టి.ఎస్. అన్నారు. చిన్న 'ఎల్' రాస్తే 'ల', పెద్ద 'ఎల్' రాస్తే 'ళ'. చిన్న 'డి' రాస్తే 'ద', పెద్ద 'డి' రాస్తే 'డ'. ఆ విధంగా 'కల'కూ 'కళ'కూ, 'పాదు'కూ 'పాడు'కూ తేడా నిలిచింది. చూడటానికి అందంగా ఉండదు. చదవడానికి ఓపిక కావాలి. అయినా ఆ లిపిలోనే వారు పద్యాలు, కథలు, పాటలు ఒకరికొకరు పంపుకొన్నారు.

ఆ వాతావరణంలోంచే 1998లో 'ఈమాట' పుట్టింది. అమెరికాలో వేరు వేరు ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్న కొందరు తెలుగువారు కలిసి పెట్టిన సాహిత్య పత్రిక ఇది. పేరులో చిన్న చమత్కారం ఉంది. 'ఈ మాట' అంటే మనం చెప్పే మాట. 'ఈ-మెయిల్'లోని 'ఈ'గా తీసుకుంటే విద్యుత్తు మీద నడిచే మాట. దీనికి కాగితం లేదు, చందా లేదు, ప్రకటనలు లేవు, యజమాని అంటూ ఎవరూ లేరు. మొదట రెండు నెలలకొకసారి, తరువాత నెలనెలా వెలువడుతూ వచ్చింది. దీనికి పాతికేళ్ళు దాటాయి. వచ్చిన రచనను సంపాదకులతో పాటు ఆ విషయం తెలిసిన ఇతరులు చదివి, బాగుచేయవలసినవి రచయితకు చెప్పి, ఆ తరువాతే ప్రచురించే పద్ధతిని ఈ పత్రిక పాటించింది. విజ్ఞానశాస్త్ర పత్రికలలో ఉండే ఈ అలవాటు కథలకూ కవితలకూ వర్తింపజేయడం తెలుగులో కొత్త. కథ తిరిగి వచ్చినప్పుడు రచయితలకు కోపం రావడం మాత్రం పాత సంగతే.

ఆ రోజుల్లో అంతర్జాల పత్రిక చదవడానికి ఇంకొక చిక్కు ఉండేది. ప్రతి పత్రికకూ తనదైన ఫాంటు, అంటే అక్షరాల అచ్చు సరంజామా, ఉండేది. అది మీ కంప్యూటర్లో లేకపోతే తెర మీద తెలుగుకు బదులు పిచ్చిగీతలు కనిపించేవి. ఒక ఫాంటులో 'క' ఉన్న స్థానంలో మరొక ఫాంటులో 'మ' ఉండేది. ఈ చిక్కును విడదీసింది యూనికోడ్. ప్రపంచంలోని లిపులన్నింటిలో ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇవ్వడమే యూనికోడ్ చేసిన పని. తెలుగు 'అ' సంఖ్య 3077. 'క' సంఖ్య 3093. ఏ దేశంలో, ఏ యంత్రంలోనైనా 3093 అంటే తెలుగు 'క'యే.

మరాఠీ కూడా చదివే మీకు ఇందులో ఒక సరదా లెక్క ఉంది. మరాఠీ రాసే దేవనాగరి లిపిలో 'అ' సంఖ్య 2309. 'క' సంఖ్య 2325. తెలుగు సంఖ్యలోంచి దేవనాగరి సంఖ్య తీసివేసి చూడండి. 'అ'కూ 768 వస్తుంది, 'క'కూ 768 వస్తుంది. 'మ'కు చూసినా అంతే. 3118లోంచి 2350 పోతే 768. భారతీయ లిపుల వర్ణమాల వరుస ఒక్కటే కనుక, సంఖ్యలు ఇచ్చినవారు కూడా ఆ వరుసనే పాటించారు. మరాఠీలో 'ఎ', 'ఏ'లకు ఒకే అక్షరం ఉంది కదా! తెలుగులోని హ్రస్వమైన 'ఎ'కు జోడీగా దేవనాగరిలోనూ ఒక స్థానం కేటాయించారు. సంయుక్తాక్షరాలకు వేరే సంఖ్యలు లేవు. 'స్త్రీ' అని రాయడానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అని ఆరు సంఖ్యలు వరుసగా పెడతారు. వాటిని ఒకదాని కింద ఒకటి పేర్చి అక్షరంగా చూపించే బాధ్యత ఫాంటుది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికినా, సామాన్యుల కంప్యూటర్లకు అది చేరడానికి పదేళ్ళు పట్టింది. తిరుమల కృష్ణ దేశికాచారి 'పోతన', 'వేమన' ఫాంట్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే పక్కనే తెలుగు అక్షరాలు కనిపించే 'లేఖిని' వంటి పరికరాలు వచ్చాయి. ఫాంటు బెడద తీరగానే పత్రికలు పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి. 2006లో 'పొద్దు', 2007లో కాలిఫోర్నియా నుంచి కిరణ్ ప్రభ సంపాదకత్వంలో 'కౌముది', 2009లో పుస్తకాల గురించి మాత్రమే రాసే 'పుస్తకం', 2011లో రాజమండ్రి నుంచి పుట్ల హేమలత నడిపిన స్త్రీల పత్రిక 'విహంగ', 2013లో అఫ్సర్, కల్పనా రెంటాల, రాజ్ కారంచేడు కలిసి పెట్టిన వారపత్రిక 'సారంగ', 2019లో కె. గీత సంపాదకత్వంలో 'నెచ్చెలి' వెలువడ్డాయి. ఇంకా ఎన్నో ఉన్నాయి. పుట్ల హేమలత పత్రిక నడపడంతో ఆగలేదు. అంతర్జాలంలో వచ్చే తెలుగు సాహిత్య పత్రికల మీదనే పరిశోధన కూడా చేశారు. ఆమె 2019లో మరణించారు.

వీటన్నిటిలో పిల్లలు తప్పక తెలుసుకోవలసినది 'కొత్తపల్లి'. పైన చెప్పిన పత్రికలు చాలావరకు నగరాల నుంచి, విదేశాల నుంచి వచ్చినవి. కొత్తపల్లి పుట్టింది అనంతపురం జిల్లాలోని చెన్నేకొత్తపల్లి అనే పల్లెలో. (జిల్లాల విభజన తరువాత 2022 నుంచి ఆ ఊరు శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది.) వానలు సరిగా పడని మెట్టప్రాంతం అది. అక్కడ టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ నడిపే 'ప్రకృతి బడి' ఉంది. 2008లో ఆ బడి నుంచి పిల్లల మాసపత్రికగా 'కొత్తపల్లి' మొదలైంది. పిల్లల కోసం పెద్దలు రాసే పత్రికలు చాలా ఉన్నాయి. ఇందులో మాత్రం పిల్లలు చెప్పిన కథలు, పిల్లలు గీసిన బొమ్మలు నిండుగా ఉంటాయి. అవ్వ చెప్పిన కథను ఒక పిల్ల తన మాటల్లో రాస్తే, ఉపాధ్యాయులు అక్షరదోషాలు సరిచేసి, ఆ పిల్ల నుడికారాన్ని మాత్రం చెడగొట్టకుండా అచ్చు వేశారు. అదే సంచికను అంతర్జాలంలో అందరికీ ఉచితంగా ఉంచారు. ఎవరైనా చదువుకోవచ్చు, ఇతరులకు పంచవచ్చు అని అనుమతి కూడా ఇచ్చారు. ఆ అనుమతి సామాన్యమైనది కాదు. దానివల్ల ఏ ఊరి ఉపాధ్యాయుడైనా ఆ కథలను కాగితం మీదికి ఎక్కించి, తరగతి గదిలో పంచిపెట్టగలడు. నక్కలు, కాకులు, తెలివైన ముసలవ్వలు, మోసపోయిన రాజులు అందులో కొల్లలుగా ఉన్నారు.

అంతర్జాల పత్రికలో పని ఎలా సాగుతుంది? రచయిత ఏ ఊళ్ళోనో కథ టైపు చేసి పంపుతాడు. సంపాదకుడు మరొక దేశంలో ఉండవచ్చు. పగలు తన ఉద్యోగం చూసుకొని, రాత్రి భోజనమయ్యాక ఆ కథ చదువుతాడు. బాగుంటే, 'ఈ సంభాషణ పొడుగైంది, ఇక్కడ ణ-న, ళ-ల తప్పులు ఉన్నాయి' అని రచయితకు తిరిగి రాస్తాడు. ఇద్దరి మధ్య నాలుగైదు ఉత్తరాలు నడుస్తాయి. ఒకరు అచ్చుతప్పులు దిద్దుతారు, ఒకరు బొమ్మ వేస్తారు, ఒకరు పేజీ కూరుస్తారు. సాధారణంగా ఎవరికీ జీతం ఉండదు. రచయితకు కూడా పారితోషికం దొరకడం అరుదు. ఇది ఈ పత్రికల బలమూ, బలహీనతా. డబ్బు ప్రసక్తి లేదు కనుక ఎవరినీ మెప్పించనక్కరలేదు. నచ్చిన విషయాన్ని యాభై పేజీలైనా వేయవచ్చు. కాగితం కరవు లేదు కదా! అదే కారణంగా, కత్తిరించవలసిన వ్యాసం కత్తిరించకుండా వచ్చేయడమూ జరుగుతుంది. దిద్దేవారికి తీరిక లేని నెలలో తప్పులు అలాగే ఉండిపోతాయి. అందువల్ల అంతర్జాలంలో కనిపించినంత మాత్రాన ప్రతి వాక్యమూ మంచి తెలుగు అనుకోరాదు. అచ్చు పుస్తకానికి కూడా ఇదే వర్తిస్తుందనుకోండి.

కాగితం చేయలేని పని ఒకటి ఈ పత్రికలు చేశాయి. అది మాటను వినిపించడం. 'ఈమాట'లో పాత రేడియో నాటకాలు, ప్రసంగాలు, పాటలు వెతికి తెచ్చి 'శబ్దతరంగాలు' అనే శీర్షిక కింద పెట్టారు. వాటిలో కొన్ని గొంతులు దశాబ్దాల క్రితానివి. తెలుగు చదవడం వచ్చి, ఒత్తులు పలకడం సరిగా రాని విద్యార్థికి ఇవి గొప్ప గురువులు. 'కౌముది' పేజీలను మొత్తంగా దించుకొని దాచుకోవచ్చు. అంతర్జాలం అన్నివేళలా అందని ఊళ్ళకు ఇది మేలు.

ఇక భాష సంగతి. కిన్వట్ ప్రాంతపు తెలుగులో 'బాపు', 'సడక్', 'జర' వంటి మాటలు సహజంగా దొర్లుతుంటాయి. మరాఠీ, ఉర్దూ మాటలు కలుస్తాయి. పిల్లలు వీటిని తప్పులనుకొని, తెలుగులో రాయవలసి వచ్చినప్పుడు కలం ఆపేస్తారు. ఈ భయం అనవసరం. తెలంగాణ ప్రజల పలుకుబడిలో కవిత్వం రాసిన కాళోజీ నారాయణరావు పుట్టింది కర్ణాటకలోని రట్టిహళ్ళిలో. ఆయన తండ్రి మరాఠీ కుటుంబానికి చెందినవారు. ఆయన పుట్టినరోజైన సెప్టెంబరు 9వ తేదీని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నారు. ఇంకా దగ్గరి ఉదాహరణ సామల సదాశివ. ఆయన ఆదిలాబాదులో నివసించిన ఉపాధ్యాయుడు. తెలుగుతో పాటు ఉర్దూ, ఫారసీ, హిందీ, మరాఠీ తెలిసినవారు. హిందుస్తానీ సంగీతం గురించి ఆయన తెలుగులో రాసిన 'స్వరలయలు' పుస్తకానికి 2011 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. పక్కన కూర్చొని కబుర్లు చెప్పినట్లుండే ఆయన వచనంలో ఉర్దూ, మరాఠీ సంస్కారాలు కలిసిపోయి ఉంటాయి. పుస్తకాల నగరాలకు దూరంగా ఉండటం, నాలుగు భాషల మధ్య బతకడం ఆయనకు అడ్డు కాలేదు. అంతర్జాల పత్రికలు కూడా ఇటువంటి మాండలికాలకు చోటిచ్చాయి. ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ పలుకుబళ్ళలో రాసిన కథలు ఒకే సంచికలో పక్కపక్కన కనిపించడం వాటిలో మామూలే. అయితే కిన్వట్, ధర్మాబాద్, రాజురాల తెలుగు ఈ పత్రికలలో అరుదు. అది తెలిసిన రచయితలు ఎక్కువమంది లేకపోవడం ఒక కారణమైతే, అది కథకు పనికిరాదని దాన్ని మాట్లాడేవారే అనుకోవడం మరొక కారణం.

ఈ పత్రికలకు ఒక పెద్ద గండం ఉంది. కాగితం పత్రిక ఆగిపోయినా దాని పాత సంచికలు ఎవరి ఇంట్లోనో, ఏ గ్రంథాలయంలోనో మిగులుతాయి. చెదలు తినగా మిగిలినవైనా దొరుకుతాయి. అంతర్జాల పత్రిక అలా కాదు. దాని పేరుకు ఏటేటా రుసుము కట్టాలి. పేజీలు దాచిన యంత్రానికి అద్దె కట్టాలి. నడిపేవారు అలసిపోయో, జబ్బుపడో ఒక ఏడాది కట్టలేకపోతే, పదేళ్ళ సంచికలు ఒక్కరోజులో కనిపించకుండా పోగలవు. 'పొద్దు' కొన్నేళ్ళు చక్కగా నడిచి ఆగిపోయింది. మరికొన్ని పత్రికలు ఒక్క మాట చెప్పకుండానే మాయమయ్యాయి. వాటితో పాటు, మరెక్కడా అచ్చుకాని కథలు కూడా పోయాయి. ఈ నష్టాన్ని కొంత అడ్డుకొనేందుకు ప్రయత్నాలు జరిగాయి. 1996లో అమెరికాలో స్థాపించిన 'ఇంటర్నెట్ ఆర్కైవ్' అనే సంస్థ ప్రపంచంలోని వెబ్ పేజీలకు ఎప్పటికప్పుడు నకళ్ళు తీసి దాస్తున్నది. మూతపడిన తెలుగు పత్రికల పేజీలు కొన్ని అక్కడ దొరుకుతాయి. అయితే అన్నీ దొరకవు. తమ రచనకు ఒక నకలు తామే దాచుకోవడం రచయితలు నేర్చుకున్న జాగ్రత్త.

పూర్వం పాఠశాలల్లో లిఖిత పత్రికలు ఉండేవి. విద్యార్థులు తమ కథలను, పద్యాలను అందమైన దస్తూరితో తెల్లకాగితాల మీద రాసి, బొమ్మలు వేసి, దారంతో కుట్టేవారు. ఉన్నది ఒక్కటే ప్రతి. అది తరగతి నుంచి తరగతికి తిరిగేది. అంతర్జాల పత్రిక స్వభావంలో దానికి దగ్గరి చుట్టం. డబ్బు కోసం కాక ఇష్టంతో చేసేది. పెద్ద ప్రెస్సు అక్కరలేనిది. తేడా అల్లా, చదివేవారు పక్క తరగతిలోనే ఉండనక్కరలేదు. కిన్వట్‌లో ఒక పాఠశాల ఇటువంటి లిఖిత పత్రిక తయారుచేసి, దాని పేజీలను ఫోనుతో ఫొటోలు తీసి, ధర్మాబాద్, షోలాపూర్, భివండీలలోని తెలుగు పాఠశాలలకు పంపడానికి ఒక గంట చాలు. అక్కడినుంచి వారి పేజీలు ఇక్కడికి రావచ్చు. షోలాపూర్ చేనేత ఇళ్ళలో తెలుగు ఒక తీరుగా ఉంటుంది, పైనగంగ ఒడ్డున మరొక తీరుగా ఉంటుంది. ఒకరి కథలో మాట ఇంకొకరికి అర్థం కాకపోతే, దాని అర్థం అడుగుతూ ఒక ఉత్తరం రాయవలసి వస్తుంది.

కొత్త పదాలు

అంతర్జాలం – ప్రపంచంలోని కంప్యూటర్లను, ఫోన్లను కలిపే వల
సంపాదకుడు – పత్రికలో వేయవలసిన రచనలను ఎంచి, దిద్దేవాడు
పారితోషికం – రచనకు ఇచ్చే ప్రతిఫలం
నుడికారం – మాట్లాడే తీరు, పలుకుబడి
దస్తూరి – చేతిరాత
నకలు – ప్రతి

ఆలోచించి రాయండి

1. కవులు లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి ఏ విధంగా జవాబిచ్చారు? వాదించడం కంటే ఆ పద్ధతి మేలని మీరు భావిస్తారా? ఎందుకు?
2. జీతం, పారితోషికం లేకపోవడం అంతర్జాల పత్రికలకు బలమూ బలహీనతా అని పాఠంలో ఉంది. మీ మాటల్లో వివరించండి.
3. దేవనాగరి 'త' సంఖ్య 2340. తెలుగు 'త' సంఖ్య ఎంతో లెక్కకట్టండి.
4. మీ ఇంట్లో వాడే, ఈ పుస్తకంలో ఎక్కడా కనిపించని తెలుగు మాటలు పది సేకరించండి. ఒక్కొక్క మాటను ఎవరు, ఏ సందర్భంలో వాడతారో రాయండి.
5. మీ అవ్వగాని తాతగాని చెప్పిన కథను వారి మాటల్లోనే రాయండి. మరాఠీ మాటలు వస్తే తీసివేయకండి.